పావురాలకూ రోటా వైరస్ వస్తుంది! మరి మన పసిబిడ్డల మాటేమిటి?



మొన్నటి చలికాలంలో ఒక మామ్మగారు పది నెలల మనవణ్ణి చంకన వేసుకుని మన ఆసుపత్రికి వచ్చారు. బాబుకు రెండు రోజులుగా వాంతులు, నీళ్ల విరేచనాలు. కళ్లు గుంటలు పడ్డాయి, నాలుక పిడచకట్టుకుపోయింది. ఏడుస్తుంటే కన్నీరు రావడం లేదు. "ఇంత ఆలస్యం ఎందుకు చేశారు మామ్మగారూ?" అని నర్సమ్మ అడిగితే ఆమె చెప్పిన జవాబు మమ్మల్ని ఆలోచనలో పడేసింది.

"ఇదంతా ఆ పావురాల వల్లేనమ్మా. పెద్ద మనవడు మేడ మీద పావురాల్ని పెంచుతున్నాడు. కిందటి వారం అవీ ఇలాగే వాంతులు చేసుకున్నాయి. పచ్చగా నీళ్లలాంటి రెట్ట వేసి నాలుగు చచ్చిపోయాయి. ఆ జబ్బే పిల్లాడికి అంటుకుంది. రెండు రోజుల నుంచీ గూళ్లన్నీ పీకించి, మేడంతా కడిగించే పనిలోనే ఉన్నాం. అవి పోతే వీడికి అదే తగ్గుతుందనుకున్నాం."

ఆమె పక్కనే ఎనిమిదో తరగతి చదివే ఆ పెద్ద మనవడు తల వంచుకుని నిలబడ్డాడు. తమ్ముడికి జబ్బు తనవల్లే వచ్చిందన్న బాధ ఆ అబ్బాయి ముఖంలో కనబడుతూనే ఉంది.

దేవుని దయవల్ల బాబు కోలుకున్నాడు. కాని మామ్మగారి ప్రశ్న మాత్రం మా దగ్గరే ఉండిపోయింది. పావురాలకు పిల్లలకు వచ్చినట్లే విరేచనాల జబ్బు వస్తుందా? అది మనుషులకు అంటుతుందా? మన ఉండి, ఆకివీడు, భీమవరం ప్రాంతాల్లో పావురాలు లేని ఊరు లేదు. ఇళ్ల మేడల మీద, రైస్ మిల్లుల షెడ్లలో, చివరికి చర్చి గంట గోపురంలో కూడా అవి కాపురముంటాయి. అందుకే ఈ సంచికలో ఈ విషయాన్ని వివరంగా చెప్పుకుందాం.

రోటా వైరస్ అంటే ఏమిటి?

'రోటా' అంటే లాటిన్ భాషలో చక్రం. ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో చూస్తే ఈ వైరస్ ఆకులున్న బండి చక్రంలా గుండ్రంగా కనిపిస్తుంది. అందుకే 1974లో ఇంగ్లండుకు చెందిన థామస్ ఫ్లూయెట్ అనే శాస్త్రవేత్త దీనికి ఆ పేరు సూచించారు. అంతకు ముందు ఏడాది, అంటే 1973లో, ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్ పిల్లల ఆసుపత్రిలో రూత్ బిషప్ అనే పరిశోధకురాలు, ఆమె సహచరులు విరేచనాలతో బాధపడుతున్న పిల్లల చిన్న ప్రేగు ముక్కలను పరీక్షించి ఈ వైరస్‌ను కనిపెట్టారు. అప్పటివరకు పిల్లల విరేచనాల్లో ఎక్కువ భాగానికి కారణం ఏమిటో వైద్యులకు అంతుచిక్కలేదు.

విశేషమేమిటంటే, మనుషుల్లో కనిపెట్టక ముందే, 1969లో, అమెరికాలోని నెబ్రాస్కా రాష్ట్రంలో విరేచనాలతో ఉన్న దూడల్లో ఇలాంటి వైరస్ బయటపడింది. తరువాత పందుల్లో, గుర్రపు పిల్లల్లో, కోళ్లలో, టర్కీ కోళ్లలో కూడా కనబడింది. 1983లో జపానులో ఒక పావురం నుండి కూడా శాస్త్రవేత్తలు రోటా వైరస్‌ను వేరు చేశారు. మన దేశంలో ఇజ్జత్‌నగర్‌లోని భారత పశువైద్య పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు కోళ్లలో 'డి' అనే రకం రోటా వైరస్‌ను గుర్తించారు. అంటే రోటా అనేది ఒక్క జబ్బు పేరు కాదు, ఒక పెద్ద కుటుంబం పేరు. ఆ కుటుంబంలో 'ఎ' రకం మనుషుల్లోనూ, పశువుల్లోనూ, పక్షుల్లోనూ ఉంటుంది. డి, ఎఫ్, జి రకాలు పక్షులవి.

ఈ వైరస్‌కు మూడు పొరల గట్టి తొడుగు ఉంటుంది. అందువల్ల ఇది రెట్టలో, మలంలో, నేల మీద, చేతుల మీద, గిన్నెల మీద చాలాసేపు బ్రతుకుతుంది. అన్ని రోటా వైరస్‌లకూ ఉన్న బలం ఇదే.

పావురాల్లో వచ్చిన పెద్ద తెగులు

జపానులో దొరికిన పావురం వైరస్ గురించి చాలా ఏళ్లపాటు పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. 2016 మే నెలలో పరిస్థితి మారిపోయింది. పశ్చిమ ఆస్ట్రేలియాలో పందెం పావురాలు పెంచేవారి గూళ్లలో ఉన్నట్టుండి పక్షులు జబ్బుపడ్డాయి. వీపు వంచి, ఈకలు ఉబ్బించుకుని ఒక మూల కూర్చోవడం, తిన్న గింజలు కక్కివేయడం, పచ్చని నీళ్ల రెట్ట వేయడం, ఒకటి రెండు రోజుల్లోనే చనిపోవడం. జబ్బుపడ్డవీ ఎక్కువే, చచ్చిపోయినవీ ఎక్కువే.

చనిపోయిన పక్షులను కోసి చూస్తే పైకి పెద్దగా ఏమీ కనబడలేదు. కాని కాలేయాన్ని సూక్ష్మదర్శినిలో చూసినప్పుడు అందులోని కణాలు పెద్ద ఎత్తున చనిపోయి ఉన్నాయి. ఆ కాలేయంలోనే రోటా వైరస్ దొరికింది. అది 'ఎ' రకానికి చెందినదే, అయితే అంతకు ముందు ఎవరూ వర్ణించనిది. మన పిల్లల్లో రోటా వైరస్ ముఖ్యంగా చిన్న ప్రేగును దెబ్బతీస్తుంది. పావురాల్లో అది కాలేయాన్ని పాడుచేసింది. రోటా వైరస్‌తో పాటు కాలేయం ఇలా దెబ్బతినడం ఏ పక్షిలోనైనా గమనించడం అదే మొదటిసారి.

అదే ఏడాది డిసెంబరుకు ఈ జబ్బు ఖండానికి అవతలి వైపున ఉన్న విక్టోరియా రాష్ట్రానికి చేరింది. 2017 మొదట్లోనే, నార్తర్న్ టెరిటరీ ఒక్కటి తప్ప, దేశంలో అన్ని రాష్ట్రాల్లోనూ కనబడింది. పందెం పావురాలు, అందానికి పెంచేవి, మాంసానికి పెంచేవి, చివరికి వీధుల్లో తిరిగే పావురాలు కూడా దీని బారిన పడ్డాయి. ఒకసారి తగ్గిన గూళ్లలో మళ్లీ వచ్చిన సందర్భాలూ ఉన్నాయి.

ఆ తరువాత జర్మనీ, బెల్జియం, డెన్మార్క్ దేశాల్లోనూ, అమెరికాలోని కాలిఫోర్నియాలోనూ ఇలాంటి వైరస్‌లు చనిపోయిన పావురాల్లో దొరికాయి. ఐరోపాలో పావురాలు పెంచేవారిని ఎన్నో ఏళ్లుగా ఒక జబ్బు వేధిస్తూ ఉండేది. ఆ ఏడాది పుట్టిన పిల్ల పావురాలు వేసవి పందేల కాలంలో కక్కుకుని, విరేచనాలు పట్టి చనిపోయేవి. దాన్ని 'పిల్ల పావురాల జబ్బు' అనే పిలిచేవారు తప్ప కారణం తెలియదు. జర్మనీ శాస్త్రవేత్తలు ఈ రోటా వైరస్‌ను ఆరోగ్యంగా ఉన్న పావురాలకు ఎక్కించి, అదే జబ్బు వస్తుందని 2020లో రుజువు చేశారు. ఆస్ట్రేలియాలో లాట్రోబ్ విశ్వవిద్యాలయం పరిశోధకులు పావురాల కోసం ఒక టీకా కూడా తయారుచేశారు.

ఒక పక్షి నుండి మరో పక్షికి ఎలా వ్యాపిస్తుంది?

ముఖ్యమైన దారి రెట్ట. జబ్బుపడ్డ పావురం రెట్టలో వైరస్ విపరీతంగా ఉంటుంది. ఆ రెట్ట మేతలో పడుతుంది, నీళ్ల తొట్టిలో పడుతుంది, ఎండి దుమ్ములో కలుస్తుంది. మరో పావురం ఆ గింజ తిన్నా, ఆ నీళ్లు తాగినా చాలు.

రెండవది, పావురాల అలవాటు. తల్లి, తండ్రి రెండూ తమ మేత సంచిలో ఊరే 'పావురం పాలను' పిల్లలకు నోటి నుండి నోటికి తాగిస్తాయి. జోడీ పక్షులు కూడా ముక్కులో ముక్కు పెట్టి మేపుకుంటాయి. నోటికీ నోటికీ ఇంత దగ్గరగా ఉండే జాతిలో ఒకదాని జబ్బు పక్కదానికి చేరడం కష్టం కాదు.

మూడవది, అన్నిటికంటే ముఖ్యమైనది, మనిషి. ఆస్ట్రేలియా చాలా విశాలమైన దేశం. పశ్చిమ తీరం నుండి తూర్పు వైపుకు జబ్బును పావురాలు తమంతట తాముగా ఎగురుకుంటూ మోసుకుపోలేదు. పెంపకందారులు పక్షులను కొని, అమ్మి, ప్రదర్శనలకు, పందేలకు తీసుకువెళ్లే చోట్ల అది చేతులు మారుతుంది. పందెం రోజు వేర్వేరు గూళ్ల పావురాలను ఒకే బుట్టలో పెట్టి, ఒకే లారీలో వందల కిలోమీటర్లు తీసుకుపోయి వదులుతారు. అవి సాయంత్రానికి తమ తమ ఇళ్లకు చేరుకుంటాయి. బుట్టలో ఒక్క పావురానికి వైరస్ ఉన్నా, అది ఎన్ని ఇళ్లకు చేరుతుందో ఊహించండి. చెన్నై, బెంగళూరు వంటి నగరాల్లో ఇలాంటి పందేల క్లబ్బులు ఉన్నాయి. మన ప్రాంతంలో సంతలో కొని తెచ్చిన కొత్త జోడీని నేరుగా పాత గూట్లో వదిలేయడం మామూలే. మామ్మగారి మనవడు కూడా జబ్బు మొదలవడానికి వారం ముందు ఒక కొత్త జోడీని తెచ్చాడట.

అయితే ఒక మాట. ఆ నాలుగు పావురాలు రోటా వైరస్‌తోనే చనిపోయాయని మేము చెప్పడం లేదు. వాటికి ఏ పరీక్షా జరగలేదు. కొక్కెర తెగులు, సాల్మొనెల్లా, నోటిలో పుండ్లు తెచ్చే క్యాంకర్ వంటి జబ్బుల్లో కూడా పావురాలు నీరసించి, మేత మాని, రెట్ట పలుచబడి చనిపోతాయి. కళ్లతో చూసి ఇది ఫలానా జబ్బు అని తేల్చడం పశువైద్యులకైనా కష్టమే. చనిపోయిన పక్షిని పరీక్షిస్తేనే తెలుస్తుంది.

పావురం రోటా మన పిల్లలకు అంటుతుందా?

ఇదే మామ్మగారి అసలు ప్రశ్న. సూటిగా చెప్పాలంటే, మన పిల్లలకు వచ్చే రోటా విరేచనాలు మనుషుల్లో తిరిగే వైరస్ వల్ల, మరో బిడ్డ నుండి, మరో మనిషి చేతుల నుండి వస్తాయి. పావురాల్లో తెగులు తెచ్చే రకం వేరు, పిల్లల వార్డుల్లో కనబడే రకాలు వేరు.

ఈ కుటుంబంలో ఒక జాతి నుండి మరో జాతికి దాటడం అసలు జరగదా అంటే, అప్పుడప్పుడు జరుగుతుంది. జపాను పావురం వైరస్‌ను ప్రయోగశాలలో చిట్టెలుక పిల్లలకు ఎక్కిస్తే వాటికి విరేచనాలు వచ్చాయి. జర్మనీలో ఒక దూడలో పక్షుల రకాన్ని పోలిన వైరస్ దొరికింది. పశువుల వైరస్, మనుషుల వైరస్ ఒకే శరీరంలో కలిసినప్పుడు వాటి జన్యువుల ముక్కలు తారుమారు కావడం కూడా ఉంది. రోటా వైరస్‌లో పదకొండు జన్యు ముక్కలు ఉంటాయి. పేకముక్కలు కలిపినట్లు అవి కలిసిపోతాయి. అందుకే శాస్త్రవేత్తలు పక్షుల మీద, పశువుల మీద ఒక కన్ను వేసి ఉంచుతారు. కాని అది పరిశోధకులు కనిపెట్టి చూడవలసిన సంగతి. మీ ఇంట్లో బిడ్డకు విరేచనాలు పట్టిన రోజున మీరు గూడు పీకే పనిలో పడవలసిన అవసరం లేదు.

మరి రెండూ ఒకేసారి ఎందుకు వచ్చాయి? మన దేశంలో చాలా చోట్ల రోటా విరేచనాలు చలి నెలల్లోనే ఎక్కువగా కనిపిస్తాయి. అవే నెలల్లో కొల్లేరుకు వలస పక్షులు వస్తాయి. అవే నెలల్లో సంక్రాంతి సందడిలో కోళ్లు, పావురాలు సంతలకు, పక్క ఊళ్లకు తిరుగుతాయి. బంధువులు వస్తారు, పసిబిడ్డ పది చేతులు మారుతాడు. రెండు సంగతులు ఒకే కాలంలో జరిగితే ఒకటి మరొకదానికి కారణం అనుకోవడం మనిషి సహజం. పూర్వం ఆటపాక వైపు గూడబాతులు వచ్చే కాలమూ, పిల్లలకు జబ్బు చేసే కాలమూ ఒకటే అని పెద్దలు అనుకుని ఉంటే అందులో వింత లేదు. అయితే కాలం ఒకటైనంత మాత్రాన కారణం ఒకటి కాదు.

అసలు ప్రమాదం ఎక్కడుంది?

రోటా వైరస్ పేదవారి జబ్బు కాదు, శుభ్రత లేనివారి జబ్బూ కాదు. అద్దంలా ఉండే ఇళ్లున్న దేశాల్లో కూడా ఐదేళ్లు నిండేలోగా దాదాపు ప్రతి బిడ్డకూ ఇది ఒకసారైనా సోకుతుంది. కాబట్టి బిడ్డకు విరేచనాలు వస్తే కోడలి పెంపకం బాగాలేదనో, పెద్దవాడి పావురాల వల్లనో అని ఒకరి మీద ఒకరు నింద వేసుకోవద్దు.

కాని జబ్బు వచ్చాక ఏం చేస్తామన్నదే బిడ్డ ప్రాణాన్ని నిర్ణయిస్తుంది. టీకా రాక ముందు మన దేశంలో ఏటా సుమారు 78 వేల మంది ఐదేళ్ల లోపు పిల్లలు రోటా విరేచనాలతో చనిపోయేవారని, 8 లక్షల 70 వేల మందికి పైగా ఆసుపత్రుల్లో చేరేవారని అంచనా. వారిని చంపింది శరీరంలోని నీరు, ఉప్పు తరిగిపోవడమే. పది కిలోల బిడ్డ ఒక లీటరు నీటిని పోగొట్టుకున్నాడంటే తన బరువులో పదోవంతు పోయినట్లు. మామ్మగారి మనవడు ఆ స్థితికి దగ్గరగా వచ్చాడు. మేడ కడిగిన ఆ రెండు రోజుల్లో ఆ బిడ్డ నోట్లో ఒక్క ఓఆర్ఎస్ చెంచా పడలేదు. పైగా "విరేచనాలు పెరుగుతాయి" అని పాలు కూడా తగ్గించారు. "పళ్లు వస్తున్నాయి కదా, విరేచనాలు మామూలే" అని పక్కింటివారు చెప్పిన ధైర్యం మరో పొరపాటు.

ఉప్పు, పంచదార, నీళ్లు

1971లో బంగ్లాదేశ్ యుద్ధ సమయంలో లక్షల మంది శరణార్థులు పశ్చిమ బెంగాల్ సరిహద్దుకు వచ్చారు. బనగాఁవ్ శిబిరంలో కలరా ప్రబలింది. సెలైన్ సీసాలు అయిపోయాయి. డాక్టర్ దిలీప్ మహలనబిస్ అనే వైద్యుడు ఉప్పు, గ్లూకోజు, సోడా కలిపిన నీళ్లను డ్రమ్ముల్లో పోసి, రోగుల బంధువుల చేతే తాగించారు. నూటికి ముప్ఫై మంది దాకా చనిపోతున్న చోట మరణాలు నూటికి నాలుగు కంటే తక్కువకు దిగాయి. ఇప్పుడు మనం ఓఆర్ఎస్ అంటున్నది ఆ నీళ్లే. డాక్టరు లేని చోట, కరెంటు లేని చోట కూడా తల్లి చేతిలోని చెంచా బిడ్డను బ్రతికిస్తుందని ఆ శిబిరం చూపించింది.

ఒక హెచ్చరిక. ఓఆర్ఎస్ అనే పేరు పెట్టుకున్న తియ్యని పండ్ల రసం డబ్బాలు చాలాకాలం దుకాణాల్లో అమ్ముడయ్యాయి. వాటిలోని ఎక్కువ చక్కెర విరేచనాలను పెంచుతుంది. హైదరాబాదుకు చెందిన పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ ఎన్నో ఏళ్లు పోరాడిన తరువాత, 2025 అక్టోబరులో ఆహార భద్రత సంస్థ అలాంటి పానీయాల మీద ఆ పేరు వాడకూడదని ఆదేశించింది. మీరు మాత్రం ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం తయారైనదని రాసి ఉన్న పొడి ప్యాకెట్టునే అడగండి. పీహెచ్‌సీలో, ఆశా కార్యకర్త దగ్గర ఇది ఉచితంగా దొరుకుతుంది.

చుక్కల మందు కథ

రోటా టీకా కథ మన తెలుగువారికి దగ్గరిది. 1980ల మధ్యలో ఢిల్లీలోని ఎయిమ్స్‌లో డాక్టర్ ఎం.కె. భాన్, ఆయన సహచరులు ఒక వింత గమనించారు. అప్పుడే పుట్టిన కొందరు పిల్లల్లో రోటా వైరస్ ఉంది, కాని వారికి జబ్బు లేదు. పైగా అలాంటి పిల్లలకు తరువాత తీవ్రమైన రోటా విరేచనాలు తక్కువగా వచ్చాయి. ఆ వైరస్‌కు '116ఇ' అని పేరు పెట్టారు. పరిశీలిస్తే అది మనిషి వైరసే, కాని అందులో ఒక జన్యు ముక్క పశువుల రోటా నుండి సహజంగా వచ్చి కలిసింది! జాతులు దాటే గుణం గురించి పైన చెప్పుకున్నాం కదా. ఆ గుణమే ఇక్కడ మేలుగా మారింది.

ఆ వైరస్ నుండి హైదరాబాదులోని భారత్ బయోటెక్ సంస్థ 'రోటావ్యాక్' అనే చుక్కల మందు తయారుచేసింది. ఢిల్లీ, పుణే, వెల్లూరులలో సుమారు 6,800 మంది పసిబిడ్డల మీద దీన్ని పరీక్షించారు. వెల్లూరులో ఆ పని జరిగింది అందరికీ తెలిసిన క్రైస్తవ వైద్య కళాశాలలో. తీవ్రమైన రోటా విరేచనాలను మొదటి ఏడాదిలో సగానికి పైగా ఇది ఆపిందని 2014లో తేలింది. 2016లో ప్రభుత్వం ఈ చుక్కలను ఉచిత టీకాల్లో చేర్చినప్పుడు మొదట ఎంచుకున్న నాలుగు రాష్ట్రాల్లో మన ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఒడిశా, హర్యానా, హిమాచల్ ప్రదేశ్ మిగతావి. అదే సంవత్సరం ఆస్ట్రేలియాలో పావురాల తెగులు మొదలైంది. 2019 నాటికి టీకా దేశమంతటికీ చేరింది.

చుక్కలు బిడ్డకు ఆరు, పది, పద్నాలుగు వారాల వయసులో మూడుసార్లు వేయించాలి. ఇది విరేచనాలన్నిటినీ ఆపదు. రోటాను కూడా నూటికి నూరు ఆపదు. కాని ప్రాణం మీదికి రాకుండా చాలామందిని కాపాడుతుంది. మామ్మగారు తెచ్చిన కార్డు చూస్తే రెండు డోసులే పడ్డాయి. మూడో డోసు నాటికి తల్లి పుట్టింట్లో ఉంది, తిరిగి వచ్చాక ఎవరికీ గుర్తు లేదు. మీ ఇంట్లో పసిబిడ్డ ఉంటే ఈ పత్రిక పక్కన పెట్టి ఒకసారి కార్డు తీసి చూడండి.

పావురాల వల్ల మనకు నిజంగా వచ్చే జబ్బులు

రోటా విషయంలో పావురాలు నిర్దోషులే అయినా, అన్ని విషయాల్లో కాదు.

ఊపిరితిత్తుల జబ్బు: ఎండిన రెట్ట, ఈకల పొడి ఏళ్ల తరబడి పీల్చేవారిలో కొందరికి ఊపిరితిత్తులు గట్టిపడతాయి. విడవని పొడి దగ్గు, ఆయాసం, బరువు తగ్గడం దీని గుర్తులు. టీబీ అనుకుని మందులు వాడేవారూ ఉంటారు. డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు "మా ఇంట్లో పావురాలు ఉన్నాయి" అని తప్పక చెప్పండి.

క్రిప్టోకాకస్ బూజు: పాత రెట్ట కుప్పల్లో పెరుగుతుంది. హెచ్ఐవి ఉన్నవారికి, కిడ్నీ మార్పిడి జరిగినవారికి, స్టెరాయిడ్ మందులు వాడేవారికి ఇది మెదడు పొరల వాపు తేగలదు. వీరు గూళ్లు శుభ్రం చేయకూడదు.

సిటకోసిస్: పక్షుల నుండి మనిషికి వచ్చే ఒక రకం న్యుమోనియా. జ్వరం, తలనొప్పి, దగ్గు ఉంటాయి. మందులకు లొంగుతుంది.

బర్డ్ ఫ్లూ: 2025 ఫిబ్రవరిలో తణుకు మండలం వేల్పూరులో, ఉంగుటూరు మండలం బాదంపూడిలో కోళ్లు కుప్పలుగా చనిపోయినప్పుడు భోపాల్ ప్రయోగశాల దీన్ని నిర్ధారించింది. ఆ మార్చిలో మన రాష్ట్రంలో ఒక పసిబిడ్డ ఈ వైరస్ సోకి కన్నుమూసింది. కాబట్టి కోళ్లు గాని, పావురాలు గాని, కొల్లేటి పక్షులు గాని ఉన్నట్టుండి ఎక్కువ సంఖ్యలో చనిపోతే చేతులతో ముట్టుకోకండి, కాలువలో పారవేయకండి. పశువైద్యశాలకు గాని, 1962 నంబరుకు గాని తెలియజేయండి. కోడి మాంసం, గుడ్లు బాగా ఉడికించి తినండి.

పావురాలు పెంచేవారు పాటించవలసినవి

1. కొత్తగా తెచ్చిన పక్షులను మూడు నాలుగు వారాలు వేరే గూట్లో ఉంచండి. మొదట పాత పక్షులకు, చివర కొత్తవాటికి మేత వేయండి.
2. మేత, నీళ్ల గిన్నెలను రెట్ట పడని విధంగా పెట్టండి. రోజూ కడిగి నీళ్లు మార్చండి.
3. పొడిగా ఊడ్చకండి. ముందు నీళ్లు చల్లి, ముక్కుకు గుడ్డ కట్టుకుని శుభ్రం చేయండి. కడిగిన తరువాత బ్లీచింగ్ నీళ్లు చల్లి ఆరనివ్వండి.
4. జబ్బు పక్షిని వెంటనే వేరు చేయండి. గూట్లో జబ్బు ఉన్నంతకాలం కొనడం, అమ్మడం, ఇతరులకు ఇవ్వడం మానండి. కోలుకున్న పక్షి కూడా కొంతకాలం వైరస్‌ను వదులుతుంది.
5. మనుషుల మందుల షాపులోని యాంటీబయోటిక్ బిళ్లలు నూరి పోయకండి. వైరస్ మీద అవి పనిచేయవు.
6. గూటి పని అయ్యాక మోచేతుల దాకా సబ్బుతో కడుక్కుని, చొక్కా మార్చుకుని, ఆ తరువాతే పసిబిడ్డను ఎత్తుకోండి.
7. మేడ మీద నీళ్ల ట్యాంకుకు మూత తప్పనిసరి.

బిడ్డకు విరేచనాలు పట్టినప్పుడు

• మొదటి నీళ్ల విరేచనం నుండే ఓఆర్ఎస్ మొదలుపెట్టండి. ప్యాకెట్టు మీద రాసినన్ని కాచి చల్లార్చిన నీళ్లలో మొత్తం పొడి ఒకేసారి కలపండి. ఒక రోజులో వాడి, మిగిలినది పారబోయండి.
• చెంచాతో కొద్దికొద్దిగా పట్టండి. వాంతి అయితే పది నిమిషాలు ఆగి మళ్లీ మొదలుపెట్టండి.
• తల్లిపాలు ఆపవద్దు. ఆరు నెలలు దాటిన బిడ్డకు మెత్తని అన్నం, పెరుగు, ఉప్పు వేసిన గంజి, అరటిపండు పెట్టండి.
• డాక్టరు సలహాతో జింక్ మందు 14 రోజులు పూర్తిగా వాడండి. ఆరు నెలల లోపు రోజుకు 10 మిల్లీగ్రాములు, ఆపైన 20 మిల్లీగ్రాములు. విరేచనాలు తగ్గాయని మధ్యలో మానవద్దు.
• విరేచనాలు కట్టేసే బిళ్లలు పసిబిడ్డకు వేయవద్దు.

ఈ కింది గుర్తుల్లో ఏ ఒక్కటి కనబడినా ఆ గంటలోనే ఆసుపత్రికి తీసుకురండి: కళ్లు గుంటలు పడడం, మాడు లోపలికి పోవడం, ఏడిస్తే కన్నీరు రాకపోవడం, ఆరు గంటలుగా మూత్రం లేకపోవడం, పొట్ట మీది చర్మం పట్టుకుని వదిలితే నెమ్మదిగా వెనక్కి పోవడం, ఏదీ తాగలేకపోవడం, మగతగా ఉండడం, మలంలో రక్తం.

చివరిగా

బాబు మూడో రోజున నవ్వడం మొదలుపెట్టాడు. డిశ్చార్జి చేసేటప్పుడు పెద్ద మనవణ్ణి పిలిచి, "నీ తమ్ముడి జబ్బు నీ పావురాల వల్ల వచ్చిందని ఏ డాక్టరూ చెప్పలేడు. దాన్ని మనసులో పెట్టుకోకు" అని చెప్పాము. మిగిలిన ఆరు పావురాలు అప్పటికే మేనమామ ఇంటికి వెళ్లిపోయాయట. అక్కడి పక్షులతో కలపవద్దని ఆ పూటే ఫోన్ చేయించాము.

నెల రోజుల తరువాత బాబుకు టీకా వేయించడానికి వచ్చినప్పుడు ఆ అబ్బాయి కూడా వచ్చాడు. మామ్మగారు పావురాలను తిరిగి రానిచ్చారట. గూడు ఇప్పుడు బాల్కనీ పక్కన కాదు, మేడకు అవతలి చివర ఉంది. నీళ్ల ట్యాంకుకు మూత పెట్టారు. వంటింటి గూట్లో నాలుగు ఓఆర్ఎస్ ప్యాకెట్లు ఉన్నాయని మామ్మగారు మాతో గర్వంగా చెప్పారు. మీ వంటింట్లో ఎన్ని ఉన్నాయి?